జంట టైరు

టైర్లకు మాటలొచ్చినప్పటి నుంచి నేను ఇనుప రాడ్డు పట్టుకోలేదు. పొద్దున్నే లారీ చుట్టూ తిరిగి "ఎట్లా ఉన్నారు?" అని అడిగితే, పది టైర్లూ "బాగున్నాం అన్నా" అనేవి. నమ్మాను.

చిలకలూరిపేట దాటగానే వెనక ఎడమ టైరు సైడు మూరెడు మేర చీలిపోయింది. లారీ డివైడరెక్కి ఆగింది. ఎట్లాగో బతికాను.

టైర్ల షాపు కాశింబీ చీలికలో వేలు పెట్టి చూసింది. లోపలి ఉక్కు తీగలు వరసగా తెగి ఉన్నాయి. "మేకూ కాదు, రాయీ కాదు తమ్ముడూ. గాలి తక్కువతో రోజుల తరబడి నడిపావు. తీగలు వంగి వంగి తెగినయ్."

"పొద్దున కూడా బాగున్నానందే!"

ఆమె టైరునే అడిగింది. అది దాచలేదు. "మూడు రోజులుగా ఫోన్లో చెబుతున్నాను, ఓనరు గారికి. డ్రైవరన్నకు తెలిస్తే బండి ఆపేస్తాడు, సరుకు దిగేదాకా చెప్పొద్దన్నారు."

ఓనరంటే మా పెద్దన్న శేషగిరి. టైరును రాడ్డుతో కొట్టి, మోత ఖంగుమంటే గాలి నిండుగా ఉందనీ, మెత్తగా వస్తే తక్కువనీ తెలుసుకోవడం నాకు నేర్పింది ఆయనే.

అంతలో ఆయనే ఫోన్ చేశాడు. దెబ్బ తగిలిందా అని అడగలేదు. "ఇంకా కదల్లేదేంరా? మిగతా టైర్లు బాగున్నామనే అంటున్నాయిగా?"

సీటు కింద తుప్పు పట్టిన రాడ్డు తీశాను. చీలినదాని పక్కనే బిగించిన జంట టైరుకు ఫోన్ ఆనించి గట్టిగా కొట్టాను.

"బాగున్నాను అన్నా," అంది టైరు. మోత మాత్రం దబ్బుమని, మెత్తగా వచ్చింది.

"విన్నావా అన్నయ్యా?"

ఆ మోత నాకు నేర్పినవాడు అవతల ఫోన్ పెట్టేశాడు.