పిల్లల రేవులో బురద ముద్దలు

అడవి మడుగులో జంతువుల పిల్లలు నీళ్లు తాగే రేవుకి ఒక కట్టుబాటు ఉంది. అక్కడికి దిగే పెద్దలెవరైనా పిల్లలకి గుచ్చుకోకుండా కొమ్ముల మొనలకి బురద ముద్దలు అద్దుకోవాలి. ఒకరోజు అడవిపంది ఆ రేవులో జొరబడి దొరికిన పిల్లనల్లా కుమ్మేసింది. పోయినవాళ్లలో జింకమ్మ కూన కూడా ఉంది. పందిని తరిమి గోతిలో పడేశాక అందరూ సభ పెట్టారు.

“మన కొమ్ములకి బురద ఉంటుందని తెలిసే వాడు అక్కడికొచ్చాడు,” అంది దున్నపోతు.

“బురదే లేకపోతే మీ తోపులాటకే పిల్లలు చచ్చేవాళ్లు,” అంది పొట్టేలు.

వాదన ఎంతకీ తెగకపోయేసరికి జింకమ్మ గోతి దగ్గరికెళ్లి పందినే అడిగింది.

“బురద సంగతి నేనెరగను. నన్ను వెలివేసింది ఆ రేవులోనే, అందుకే అక్కడికొచ్చాను. వచ్చేముందు అందరూ వింటుండగానే మద్దిచెట్టుకి కోరలు నూరుకున్నాను,” అంది పంది.

జింకమ్మ తిరిగొచ్చి ఆ మాటే సభలో చెప్పింది.

“నూరడం మేమూ విన్నాం. ఒళ్లు రుద్దుకుంటున్నాడు కాబోలు అనుకున్నాం,” అంది దున్నపోతు.

“అదంతా తర్వాత. ముందు బురద మాట తేలనియ్యమ్మా,” అంది పొట్టేలు.

అంతలో మద్దిచెట్టు వైపు మళ్లీ ఎవరో కోరలు నూరుతున్న చప్పుడు మొదలైంది. జింకమ్మ ఒక్కతే అటు తిరిగింది. ఆ చప్పుడికి ఒకరి మాట ఒకరికి వినబడక, సభలోవాళ్లు ఇంకాస్త గొంతు పెంచారు.