మైనం పోయిన గుడారం

"ఈ గుడారాన్ని ఉతికిందెవరు?"

ముసలాయన గొంతు గట్టిగానే ఉంది. బట్టను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నాడు.

నర్సు దయామణికి ఒళ్లు మండింది. గురజాలలో కంటి శిబిరం. తెల్లారినప్పటి నుంచి ఒక్కతే చస్తోంది. ఇప్పుడు ఈయనొకడు.

"నేనే ఉతికించాను. సోడా వేసి, రెండుసార్లు. పిడుగురాళ్ల గుడారం కదా, నిండా సున్నం. కళ్లకు ఆపరేషన్ అయినవాళ్లు పడుకునేది దీని కిందే. ఆ దుమ్ము కంట్లో పడితే పూచీ నీదా తాతా?"

"బట్ట మంచిదే ఎంచుకున్నావు సిస్టరమ్మా. ప్లాస్టిక్ పట్టా అయితే కింద జనం ఉడికిపోయేవాళ్లు. కానీ సోడాకి దీని మైనమంతా పోయింది. వానొచ్చిందా, జల్లెడే ఇది."

దయామణి ఆకాశం వైపు చూసింది. దసరా సెలవులని స్కూల్లో గదులిచ్చారు గాని, ఇది వానల కాలం. గదుల్లో డాక్టర్లు, బల్లలు, మందులు. నలభై మంది పడుకోవడానికి ఉన్నది ఈ గుడారమొక్కటే. కట్టు తడిస్తే చీము పడుతుంది. చీము పడితే ఆ కన్ను ఇక లేనట్టే.

శుభ్రం శుభ్రమని తనే కొంప ముంచుకుంది.

"గుడారం అద్దెకిచ్చిన దుకాణం చాంద్ బాషా మనిషిని పంపిస్తానన్నాడు. నువ్వేనా?"

ఆయన వేళ్లు బట్ట కుట్లను తడుముతున్నాయి.

"కొవ్వొత్తులున్నయ్యా?"

చర్చిలో మిగిలిన కొవ్వొత్తులు బుట్టెడు తెప్పించింది. చాకలివాళ్ల ఇస్త్రీపెట్టె తెప్పించింది.

ముసలాయన నేల మీద కూర్చుని గుడారాన్ని ఒళ్లోకి లాక్కున్నాడు. కుట్టు వెంబడి వేలు పోనిస్తాడు. సూది కన్నం తగలగానే కొవ్వొత్తి రుద్దుతాడు. పైన ఇస్త్రీపెట్టె పెట్టి మైనం కరిగిస్తాడు. మళ్లీ వేలు.

ఒకసారి ఆ వేలే పెట్టె కింద పడింది.

"చూసుకోవద్దా తాతా?" అంటూ దయామణి పరుగెత్తుకొచ్చి మందు రాసింది.

"చూసుకుంటే పనెట్టా అయిద్ది?" అని నవ్వాడు.

పదకొండు గంటలకు ఆపరేషన్లు మొదలయ్యాయి. దయామణి జాబితా పట్టుకుని వరండాలో నిలబడింది. రోగుల ఆపరేషన్ చీటీలన్నీ వారం కిందట ఊరూరా తిరిగి ఆమే రాసింది. ఎందరికి రాసిందో! ఒక్క మొహమూ గుర్తులేదు.

"ఏడో నంబరు!"

ఎవరూ లేవలేదు.

"ఏడో నంబరు! ఎవరయ్యా?"

మెట్ల పక్కన ముసలాయన చెయ్యి ఆగింది.

"సిస్టరమ్మా, మబ్బేమన్నా పట్టిందా?"

"పడమరంతా నల్లగా ఉంది తాతా. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. డాక్టర్లు చూస్తే సాయంత్రమే గుంటూరు వెళ్లిపోతారు, మళ్లీ వచ్చేది ఏడాదికే. ఈ మనిషేమో పిలిస్తే పలకడు. భయపడి పారిపోయుంటాడు, పిరికి మనిషి!"

ముసలాయన ఇంకా మైనం పట్టని కుట్లు వేలితో తడిమాడు. ఒళ్లో ఇంకా సగం గుడారం ఉంది.

"ఆయన రాడులేమ్మా. తర్వాతోళ్లని పిలువు. నువ్వు కంగారు పడమాక."

దయామణి విసుగ్గా ఆ నంబరు కొట్టేసింది.

ముసలాయన కొవ్వొత్తి అందుకున్నాడు.

గుడారం వేసి రోగుల్ని పడుకోబెట్టారో లేదో, పొద్దు గూకే వేళకు వాన దిగింది. ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. దయామణి గుడారం కింద తల పైకెత్తి, దేవుణ్ణి తలుచుకుంటూ నిలబడింది.

ఒక్క చుక్క రాలలేదు.

ఏడుపొచ్చింది ఆమెకు. ఆయన కాళ్లకు దండం పెడదామని వెతికింది. అప్పటికే పిడుగురాళ్ల లారీ ఎక్కి వెళ్లిపోయాడన్నారు.

మరుసటి ఏడు దయామణి తనే పిడుగురాళ్ల వెళ్లింది.

"బాషా గారూ, పోయినేడు మీరు పంపిన తాతనే పంపండి. ఇంకెవరూ వద్దు."

చాంద్ బాషా తెల్లబోయాడు.

"నేనెవర్నీ పంపలేదే! మావాడికి ఆ రోజు జొరం."

"మరి వేలితో కుట్లు తడిమి మైనం రుద్దాడే, ఆయనెవరు?"

చాంద్ బాషా మొహం మారిపోయింది.

"నాగూర్ వలి! ఎన్నేళ్లు కుట్టాడనుకున్నావు సున్నం లారీలకి పట్టాలు! వాన తగిలితే సున్నం ఉడికిపోద్ది. ఆయన కుట్టిన పట్టాలో చుక్క దిగేది కాదమ్మా. చివర్లో పని మానేశాడు. పోయిన ఎండాకాలం రోడ్డు దాటుతా లారీ కింద పడి చనిపోయాడు."

దయామణి దారి అడిగి ఆ ఇంటికి వెళ్లింది.

నాగూర్ వలి భార్య బీబీ గడపలో కూర్చుని ఉంది.

"గురజాల సిస్టరమ్మవా? నీ సంగతి చానా చెప్పాడమ్మా. 'ఆ పిల్ల బెదిరిపోయింది, నలభై మంది కళ్లు బీబీ, నా రెండే అయితే ఏముంది, వచ్చే ఏడు పోతాలే' అన్నాడు."

ఆమె లోపలికి వెళ్లి, ఆయన చొక్కా జేబులో దాచుకున్న కాగితం తెచ్చి ఇచ్చింది.

మైనం మరకలంటిన ఆ ఆపరేషన్ చీటీ మీద, దయామణి సొంత చేతిరాతలో, ఏడో నంబరు ఉంది.