ఏడో ఫిర్యాదు

“పది గంటలకి ఒక నర్సు వస్తుంది. ఉద్యోగం మానేస్తానంటుంది. ఆమె నటి అని మీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ గుమ్మం దాటి లోపలికొచ్చిన క్షణం నుంచీ మీరే ఈ విభాగానికి అధిపతి, ఆమె మీ నర్సు. మధ్యలో ఆపడాలూ నవ్వడాలూ కుదరవు,” అన్నాడు ఉద్యోగానికి పరీక్ష పెడుతున్న స్టైనార్.

“మీరెక్కడుంటారు?” అంది టూరున్.

“పక్కగదిలో. అదిగో, ఆ కెమెరాలోంచి చూస్తుంటాను. అందాకా ఈ కాగితాలు చదువుకోండి, గంట టైముంది.”

వెళ్తూ వెళ్తూ తలుపుకి బయటివైపు ‘శస్త్రచికిత్స విభాగాధిపతి’ అని అచ్చువేసిన అట్ట తగిలించాడు.

ఏడాదిగా ఆ ఆసుపత్రిలో ఆ గదీ ఖాళీయే, ఆ కుర్చీ ఖాళీయే. ఆ కుర్చీ కోసమే టూరున్ నిన్న సాయంత్రం బెర్గెన్ నగరం నుంచి ఈ దీవికి వచ్చింది. ఆపరేషన్ చెయ్యడంలో ఆమెకి వంక పెట్టేవాళ్ళు లేరు. చిక్కల్లా ఈ పరీక్షతోనే. రెండేళ్ళ కిందట ఇంకో ఆసుపత్రి పెట్టిన ఇలాంటి పరీక్షలోనే ఒక నటుడు కోపిష్టి డాక్టరు వేషంలో వచ్చి గంతులేస్తే, రెండు నిమిషాల్లో అతని నోరు మూయించి నాలుగు సలహాలు చేతిలో పెట్టింది. ‘మనిషి జబ్బు చెప్పకముందే మందు రాసేస్తుంది’ అని రాసి పంపారు. ఈసారి కూడా తప్పితే ఇక కత్తి పట్టుకోవడమే గానీ కుర్చీలో కూర్చోవడం ఈ జన్మకి లేదు.

పదికి ఇంకా పది నిమిషాలున్నాయనగా తలుపు చప్పుడైంది. తత్తరపెట్టడానికి ఇదో ఎత్తు కాబోలనుకుని టూరున్ నిటారుగా కూర్చుంది.

వచ్చినామెకి యాభై దాటి ఉంటాయి. చెప్పుల మడమలు ఒక పక్కకి అరిగిపోయాయి. కడిగి కడిగి వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలింది. వేషం ఎంత శ్రద్ధగా వేశారో అని టూరున్ మనసులోనే మెచ్చుకుంది.

“మీరేనా కొత్త అధిపతి? తలుపుమీద చూశాను. ఏడాదికి ఈ గదిలో మనిషి కనబడింది!”

“నేనే. రండి, కూర్చోండి.”

“కూర్చోవడానికి రాలేదు. ఇదిగో.” మడిచిన కాగితం బల్లమీద పడేసింది. “నా పేరు ఓలౌగ్. మూడో అంతస్తు. పంతొమ్మిదేళ్ళు చేశాను, ఇక చాలు.”

టూరున్ నాలుక చివరికి మూడు సలహాలు వచ్చాయి. మూడింటినీ మింగేసింది.

“కాఫీ తాగుతారా?”

“ప్రతి శుక్రవారం అందరికీ వాఫుల్స్ వేసి కాఫీ పోసేది నేను. నాకు పోసిన మనిషి లేడు.” ముక్కు ఎగబీల్చి, కుర్చీ లాక్కుంది. “పోయండి.”

ఒక మార్కు, అనుకుంది టూరున్. కాఫీ పోసి, “ఏం జరిగింది?” అని అడిగి, పెదవులు బిగించింది.

“ఏడాదిలో పదకొండు ఫిర్యాదులు రాశాను. మనుషులు చాలట్లేదని, శనివారాలు రెండంతస్తులకీ ఒక్కడే డాక్టరని. ఒక్కదానికి జవాబుంటే ఒట్టు! అడిగితే, అధిపతి వచ్చాక చూస్తారంటారు. గోడకి చెప్పుకున్నా నయమే, కనీసం ఉన్నచోటే ఉంటుంది.”

ఈ మాటలు రాసిచ్చినవాడెవడో గట్టివాడే! టూరున్‌కి నవ్వు రాబోయి ఆగింది.

“ఆ పదకొండింటిలో మీకు నిద్రపట్టనివ్వనిది ఏది?”

ఓలౌగ్ కప్పు బల్లమీద పెట్టేసింది.

“ఏడోది. ముసలాయన, చేపలు పట్టేవాడు. మోకాలి ఆపరేషనైంది. ఆ శనివారం, కాలు చల్లబడుతోందని మధ్యాహ్నం నుంచీ ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఆ డాక్టరేమో కింద అంతస్తులో ఇంకో ఆపరేషన్‌లో ఉన్నాడు. పాపం, అతను మాత్రం ఏం చేస్తాడు? వచ్చేసరికి సాయంత్రమైంది. కాలు తీసేశారు.” ఆమె కళ్ళలో నీళ్ళు నిండాయి. “నన్నెవరూ తిట్టలేదమ్మా. తిట్టినా బాగుండేది. ఎవరూ ఏమీ అడగలేదు.”

అలాంటి శనివారాలు టూరున్ మాత్రం ఎన్ని గడపలేదు! చేతులకి తొడుగులతో, పక్కన ఫోన్ మోగుతుంటే తియ్యలేక ఎన్నిసార్లు నిలబడలేదు! కెమెరానీ మార్కుల్నీ మరిచిపోయింది.

“తప్పు మీది కాదు. జవాబివ్వని మాది. ఆ ముసలాయనకి కూడా ఈ మాట ఎవరో ఒకరు చెప్పాలి. నేను వెళ్ళి చెప్తాను.”

“ఎప్పుడు?”

“ఈ వారమే. వచ్చే శనివారం నుంచి ఏ అంతస్తు డాక్టరు ఆ అంతస్తుకే. ఎవరూ దొరక్కపోతే మొదటి శనివారం నేనే వస్తాను.”

“నోటిమాటేనా?”

టూరున్ కాగితం లాక్కుని అన్నీ చకచకా రాసి, కింద సంతకం చేసి, తారీఖు వేసి ఆమె చేతిలో పెట్టింది. ఓలౌగ్ రెండుసార్లు చదివింది. తరవాత బల్లమీది రాజీనామా తీసి జేబులో పెట్టుకుంది.

“ఇప్పుడే చించను. శనివారం చూసి చించుతాను,” అంటూ లేచింది.

ఆగలేక టూరున్ గుమ్మం దగ్గర అనేసింది. “చాలా బాగా చేశారండీ!”

“ఏం బాగు! ఎప్పుడో తలుపు తట్టాల్సింది,” అంటూ ఓలౌగ్ చరచరా వెళ్ళిపోయింది.

చివరిదాకా పాత్ర వదల్లేదు మహాతల్లి! టూరున్ సంతోషం పట్టలేక గదిలో గిరగిరా ఒక చుట్టు చుట్టింది. మందు రాసేముందు వినడం తనకీ వచ్చు! ఇక ఎవరేం రాసి పంపుతారో చూద్దాం!

అంతలో తడిసిన వానకోటుతో, రొప్పుతూ స్టైనార్ లోపలికి వచ్చాడు.

“చెప్పండి స్టైనార్, గట్టెక్కానా లేదా? అబ్బ, ఆ నటికి చేతులెత్తి మొక్కాలి!”

“ఏ నటి?” అతను అయోమయంగా గడియారం వైపు చూశాడు. “ఆవిణ్ణి తీసుకురావడానికెళ్ళి ఇంతసేపూ రేవులోనే ఉన్నానండీ, పొగమంచుకి పడవలన్నీ ఆపేశారు. మా నటి ఇంకా అవతలి ఒడ్డునే ఉంది.”