వరదమ్మ నాలుక

“నాలుకతోనా?” తిరువళ్ళూరు కళ్ళ డాక్టరు చేతిలోని టార్చి కిందకి దిగింది.

“అవును సార్. వడ్లు తూర్పారబడుతుంటే కంట్లో పొట్టు పడింది. మా అత్త నాకి తీసింది,” అన్నాడు గుర్నాథం. అతని నల్లగుడ్డు మీద తెల్లమచ్చ లేచింది.

“మా ఊరు వెంగల్‌లో ఎవురి కంట్లో ఏం పడినా నేనే తీసేది!” తాంబూలం నములుతూ గొప్పగా చెప్పింది పక్కనే ఉన్న అత్త వరదమ్మ.

“పొట్టు గీరి సందు చేసిందమ్మా. ఆ సందులో మీ నోట్లో ఉన్న బాక్టీరియా జొరబడి, గుడ్డు పైపొరలో కణాలను తినేస్తా ఉంది. గంటగంటకీ ఈ చుక్కలు వెయ్యకపోతే కన్ను పోతుంది.”

“నా నోటిని అంటావేమయ్యా? అది దిష్టి!”

“సరే. మీ కంట్లో పొట్టు పడితే ఎవురు నాకుతారు?”

“ఛీ! ఊరోళ్ళ పాచినోళ్ళు నా కంట్లోనా? బస్సెక్కి నేరుగా మీ కాడికే...”

వరదమ్మ ఆగిపోయింది. అల్లుడి కన్ను చూసింది. బయటికెళ్ళి తాంబూలం ఉమ్మి, చేతులు కడుక్కుని వచ్చి, మాట్లాడకుండా చుక్కలమందు అందుకుంది.

అత్త నోరు మూసుకోవడం పెళ్ళయ్యాక గుర్నాథం చూడటం ఇదే మొదలు. అదీ ఒంటికన్నుతో.