కప్పు చెవి

వెండి కప్పుకు ఒక చెవి ఊడింది.

ప్రమోటరు ఆ ముక్కను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, ఇది ఎవరి నిర్వాకమని రిసెప్షనిస్టును నిలదీశాడు. తనకు తెలియదంది. తెలియకపోతే రేపటినుంచి రానక్కర్లేదన్నాడు.

మూల సోఫాలోంచి ఒక ముసలాయన లేచాడు.

“తప్పు అమ్మాయిది కాదండీ. చూద్దామని ఎత్తితే నా చేతిలో ఊడొచ్చింది.”

పేరు కూడా సార్‌కే చెబుతానని పొద్దుటినుంచీ కూర్చున్నాడట. చంకలో మడత పెట్టిన పేపరు. గోళ్లనిండా మట్టి. బూట్లనుంచి ఎరువు కంపు. కొత్త తివాచీ మీద బురద అడుగులు. ప్రమోటరు ముక్కు మూసుకున్నాడు. మైదానంలో గడ్డి కోసే పని ఇప్పించమని ఇలాంటివాళ్లు రోజుకొకరు దిగబడతారు.

అసలే ఆయన నెత్తిన కుంపటి ఉంది.

ముప్పై ఏళ్ల కిందట ఒక గోల్ఫ్ పోటీలో, ఆఖరి రోజు ఇద్దరు సమానంగా నిలిచారు. ఒకతని కర్ర తగిలి బంతి వెంట్రుకవాసి కదిలింది. ఎవరూ చూడలేదు. గోల్ఫ్‌లో తక్కువ దెబ్బలవాడిదే గెలుపు, ఎవడికి వాడే అంపైరు. అతను తనంతట తానే చెప్పి, ఒక దెబ్బ జరిమానా వేసుకుని, ఆ ఒక్క దెబ్బ తేడాతోనే ఓడిపోయాడు.

గెలిచినవాడు ఛాంపియనయ్యాడు. ఆ పోటీ మొహమైనా చూడని ఈయన, ఛాంపియన్‌కు బావమరిది కాబట్టి ఏజెంటయ్యాడు, తర్వాత ప్రమోటరయ్యాడు. ఫోటోలన్నీ గెలిచినవాడివే. ఓడినవాడి గోడు ఈయనకెందుకు?

ఇప్పుడు ఆ ఓడినవాడే కావలసివచ్చాడు. నిజాయితీ కప్పు పెట్టమన్నది స్పాన్సర్లే. ఆ మనిషి తన చేత్తో కప్పు ఇస్తేనే కొత్త పోటీకి సంతకం పెడతామన్నారు. ఈ సాయంత్రమే గడువు. పేపర్లో ప్రకటన వేయించినా ఆచూకీ లేదు. ఆయన దొరక్కపోతే పోటీ లేదు, ప్రమోటరూ లేడు.

“ఎవరూ చూళ్లేదుగా. నోరు మూసుకుని పోవచ్చుగా?” అని కసిరాడు ప్రమోటరు.

“నేను చూశాను కదండీ.”

చేసిందంతా చేసి పైగా నీతులా అని ఒళ్లు మండింది. వాచ్‌మన్‌ను పిలిచాడు. ముసలాయన వంగి, తన బురదను తన రుమాలుతోనే తుడిచి వెళ్లిపోయాడు. ఆ తుడవడం చూసి ప్రమోటరుకు మరింత రోత పుట్టింది. గదంతా సెంటు కొట్టించాడు.

వాచ్‌మన్ తిరిగొచ్చి, ఏదో బస్సు వస్తే ఎక్కించి పీడ వదిలించానన్నాడు.

కాసేపటికి ఛాంపియన్ తన బొజ్జతో సహా దిగాడు. మనిషి దొరికాడా అని అడిగాడు. లేదన్నాడు ప్రమోటరు. కప్పుకు పట్టిన గతి చెప్పి, ముసలాయన గొంతు అనుకరించి చూపించాడు.

“ఎవరూ చూళ్లేదుగా అంటే, ‘నేను చూశాను కదండీ’ అంటాడు బావా!”

ఛాంపియన్ నవ్వలేదు. తివాచీ మీద మిగిలిన తడి మరకను చూస్తూ కూలబడ్డాడు.

“ఆ రోజు పక్కనే ఉన్నా బంతి కదలడం నేనూ చూళ్లేదురా. ఎందుకు చెప్పావని అడిగితే, ఆయన నాతో అన్నదీ ఈ మాటే.”