రొట్టె కింది భయం

"ఏయ్ ముసలాయనా! నోరు లేని జీవాల మీద నీ ప్రతాపమేంది?"

రాయమల్లు అరుపుకు బొగ్గుబాయిలో ఆ మూల పనిచేస్తున్న అయిదుగురూ తట్టలు దించారు.

స్తెఫను జంకలేదు. చేతిలోని పారను ఇంకోసారి రాతికి ఠంగుమని కొట్టాడు. సద్ది గిన్నెల చుట్టూ చేరిన ఎలుకలు కీచుమంటూ చీకట్లోకి పారిపోయాయి.

"నా ఎలుకలు!" అన్నాడు రాయమల్లు. నిజంగా అలాగే అన్నాడు.

ఒక రకంగా అవి అతని ఎలుకలే. గోదావరిఖనిలో కొత్త బాయిలు తెరుచుకుంటున్న రోజులవి. సద్ది విప్పితే మొదటి రొట్టె ముక్క ఎలుకలకు వేయడం బాయిలో ఆచారం. బాయి పైకప్పు కూలబోతే మనిషి కంటే ముందు వాటికే తెలుస్తుంది. అవి ఉరికాయంటే మనుషులూ వెనకే ఉరకాలి.

ఏడాది కింద అక్కడే కాస్త కప్పు రాలి రెండు ఎలుకలు నలిగిపోయాయి. అప్పటినుంచి కప్పుకు ఊతంగా ఆనించిన కట్టె టక్‌మంటే చాలు, మిగిలినవన్నీ పరుగే. పెళ్ల రాలిన ప్రతిసారీ ఆ భయం ఇంకింత ముదిరింది. చివరికి కట్టె ఊరికే చిటుక్కుమన్నా అవి పరుగు, వాటి వెనక మనుషుల పరుగు. షిఫ్టుకు నాలుగుసార్లు పని ఆగేది.

ముఠా పెద్ద రాయమల్లుకు విసుగొచ్చింది. కట్టె టక్‌మన్నప్పుడల్లా రొట్టె ముక్క విసరడం మొదలుపెట్టాడు. నెల తిరిగేసరికి ఎలుకలు పరుగు మానేశాయి. కట్టె చప్పుడు వాటికి భోజనం గంట అయిపోయింది. అతని తెలివిని బాయి పని చూసే సర్దారు కూడా మెచ్చుకున్నాడు.

అప్పుడు వచ్చాడు ఈ స్తెఫను, ఎక్కడో దూరపు బాయి నుంచి. యాభై దాటిన మనిషి. మాట తక్కువ. కట్టె టక్‌మంటే మాత్రం లేచి పార మోగించేవాడు, ఎలుకల మీద బొగ్గు పెళ్లలు విసిరేవాడు.

"గవి నిన్నేం జేసినయ్ కాకా?" అని అడిగాడు ముఠాలోని కొమురెల్లి.

"భయం మరిచినయ్ బిడ్డా. మల్ల యాది జెయ్యాలె."

"పోయిన భయం పిలిస్తే వస్తదా?" రాయమల్లు వెక్కిరించాడు.

"పోలే రాయమల్లూ. నువ్వేసిన రొట్టె కింద పండుకున్నది, గంతే. లేపితే లేస్తది."

అందరూ నవ్వారు. స్తెఫను నవ్వలేదు.

"నేనుండొచ్చిన బాయిల గిట్లనే మచ్చిక జేసిండ్రు. కప్పు కూలిన పొద్దు ఒక్క ఎలుక కదల్లే. ఎలుకలే కదల్లేదు, ఇంకేం ఫికరని అయిదుగురు సద్ది తినుకుంట కూసున్నరు. మల్ల లేవలే."

"మచ్చిక జేసినోడెవడో గాని, పిచ్చోడు. మేం గంత గుడ్డోళ్లమా?" అన్నాడు రాయమల్లు.

"ఔ, పిచ్చోడే" అన్నాడు స్తెఫను, నేల చూపులు చూస్తూ.

మూడు వారాలు ఓర్చుకున్నాడు రాయమల్లు. ఎలుకలు మళ్లీ ఉరకడం మొదలైంది, పని మళ్లీ ఆగుతోంది. పరువు పోతోంది. తిన్నగా సర్దారు దగ్గరికి వెళ్లాడు.

"ముసలాయనకు మతి చలించింది సారూ. పార గొట్టుడు, పెళ్లలిసురుడు. రేపు మా నెత్తిన్నే ఏస్తడు."

ముఠా అంతా ఫిర్యాదు కాగితం మీద వేలిముద్ర వేసింది. మొదటి ముద్ర రాయమల్లుదే. స్తెఫనుకు బాయి బయట పని వేశారు.

వెళ్తూ వెళ్తూ స్తెఫను ఒక్క మాటే అన్నాడు. "కొన్నొద్దులన్న రొట్టె ఏయకు బిడ్డా."

నాలుగో రోజు. సద్ది తింటున్నారు. కట్టె టక్‌మంది.

రాయమల్లు నవ్వుకుంటూ రొట్టె తుంచి విసిరాడు. ఓ ముసలి ఎలుక వచ్చి ముక్కను నోట కరుచుకుంది.

కట్టె ఇంకోసారి టక్‌మంది.

ఎలుక రొట్టె వదిలేసి ఉరికింది. వెనకే ఇంకొకటి, ఆ వెనక అన్నీ.

"అన్నా, ఎలుకలు ఉరుకుతున్నయ్! లెవ్వు, జల్ది!" కొమురెల్లి కేక పెట్టాడు.

ఆరుగురూ గిన్నెలు వదిలి పరుగెత్తారు. మలుపు దాటారో లేదో, వెనకాల కప్పు మొత్తం కూలింది. దుమ్ములో ఒకరికొకరు కనిపించలేదు. పేర్లు పెట్టి పిలుచుకుంటే ఆరు గొంతులూ పలికాయి.

"ఎలుకలే కాపాడినయ్" అన్నాడు కొమురెల్లి.

కాపాడింది ఎలుకలు కాదని రాయమల్లుకు తెలుసు. తన రొట్టె మొదటి చప్పుడుకు వాటిని ఆపనే ఆపింది. రెండో చప్పుడుకు లేచిన భయాన్ని వాటిలో లేపింది ఎవరో, ఆ మనిషి మీద మొదటి వేలిముద్ర ఎవరిదో తలుచుకుంటే తల కొట్టేసినట్టయింది.

ఒళ్లు కడుక్కోకుండానే స్తెఫను ఉంటున్న ఇంటికి వెళ్లాడు. గడపలో బియ్యం ఏరుతోంది అతని చెల్లెలు సువార్తమ్మ.

"అక్కా, స్తెఫను కాక ఉన్నడా?"

"మొన్ననే పాయె తమ్మీ. బయట పని నాకెందుకన్నడు. ఎలుకలున్న బాయి ఇంకోటి ఎతుక్కుంటనని రైలెక్కిండు."

"ఎక్కడికి?"

"చెప్పలే."

రాయమల్లు గడప ముందే కూలబడ్డాడు. ఆరుగురు బతికిన సంగతి ఆయనకు తెలియదు. చెప్పడానికి ఊరు పేరైనా లేదు.

"నేనే ఎల్లగొట్టించిన అక్కా, ఏలిముద్రేసి" అన్నాడు. "అసలు ఎలుకల మీద ఆయనకు గంత పట్టెందుకు? మాకు ఇడమరిచి చెప్తే ఇనకపోదుమా?"

సువార్తమ్మ చేట పక్కన పెట్టింది.

"చెప్పుకునే మాటనా తమ్మీ అది? ఆయన ముందు జేసిన బాయిల ఎలుకలకు రొట్టె ఏసి మచ్చిక జేసింది మా అన్ననే. కప్పు కింద పోయిన అయిదుగురిల ఒకడు దావీదు, ఆయన కొడుకు."