ఆఖరి హోంవర్క్

మరాఠీ సరిహద్దులోని హిమాయత్‌నగర్‌లో బస్సు దిగిన ఉమాబాయి నేరుగా కంప్యూటర్ క్లాసుకే వచ్చింది. సంచిలోంచి నోట్‌బుక్ తీసి ప్రాచి ముందు పెట్టింది.

"మా సుభాష్ దవాఖానల రాసిండు బిడ్డా. నువ్వైతే సదువుతవని తెచ్చిన."

పేజీ నిండా అంకెలే. 33, 39, 2, 18, 3...

ప్రాచి గుర్తుపట్టింది. అక్షరాలను అంకెలుగా మార్చి తెమ్మని ఆ హోంవర్క్ ఇచ్చింది తనే. పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేస్తూ ఆదివారాలు క్లాసుకు వచ్చే సుభాష్ ఒక్కడే చూపించలేదు. తర్వాతి వారం కామెర్లన్నారు. నెల తిరక్కుండానే మనిషి లేడన్నారు. అతనితో చెప్పాల్సిన మాటొకటి ప్రాచి దగ్గర ఉండిపోయింది. ఈ ఆదివారం, పై ఆదివారం అంటూ నాన్చింది.

నాలుగు లైన్ల ప్రోగ్రాం రాసింది. ఒకటికి ఏ, రెండుకు బి. మొదటి అంకెకే అది చతికిలపడింది. ఉన్నవే ఇరవయ్యారు అక్షరాలు, పాపం ఇంగ్లీషు ముప్పై మూడోది ఎక్కణ్నుంచి తెస్తుంది?

అప్పుడు తట్టింది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తనలాగే సుభాష్‌కూ రాయడానికి వచ్చినవి మరాఠీ అక్షరాలే. ప్రోగ్రాంలో వాటిని వరుసగా పేర్చింది. ఈసారి మరాఠీ అక్షరాల్లో తెలుగు మాటలు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి.

మొదటి మాట తన పేరు.

'ప్రాచి, నువ్వంటే నాకు పాణం. మంచిగైనంక వచ్చి చెప్దామనుకున్న. మంచిగయ్యేటట్టు లేను.'

"ఏం రాసిండు బిడ్డా?"

ఉమాబాయి తెర వైపు చూడటం లేదు. ఆమె కళ్లు ప్రాచి ముఖం మీదే ఉన్నాయి. కొడుకు ఆఖరి మాటల కోసం బస్సెక్కి వచ్చిన తల్లి. ఇందులో నీ ఊసే లేదని ఆమెకు ఏ నోటితో చెప్పడం?

ప్రాచి తెర వైపే చూస్తూ చదివింది.

"అమ్మా, ఏడవకు. యాళ్లకు ఇంత తిను. నువ్వు పక్కకున్నవు, నాకు భయం కాలేదు."

ఉమాబాయి కొంగుతో కళ్లొత్తుకుని లేచింది. నోట్‌బుక్ బల్ల మీదే వదిలేసి గడప దాకా వెళ్లింది.

"అమ్మా, పుస్తకం మరిచిపోయిండ్రు."

ఉమాబాయి వెనక్కి వచ్చి ప్రాచి తల నిమిరింది.

"ఉంచుకో బిడ్డా, సదువు రాని తల్లికి కొడుకు అంకెలల్ల రాస్తడా, నీకే ఇయ్యిమని నా చేతుల పెట్టిండు."